సలాం అందని వాళ్లు

చావు దేవుడు పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. కొడుకు గ్రిమ్ జూనియర్, కూతురు మినీమాండీ. ముద్దుగా మిన్నీ అంటారు. పాతాళంలో కాపురం. ఇదీ ‘గ్రిమ్ టేల్స్ ఫ్రమ్ డౌన్ బిలో’ అనే బొమ్మల కథ. ముందు పుస్తకంగా అచ్చయి తర్వాత జనంలోకి వచ్చిందేమీ కాదు. ఇంటర్నెట్‌లో ఒక్కో పేజీగా వచ్చింది. వేసినాయన ఫిలిప్పీన్స్ చిత్రకారుడు. బ్లీడ్‌మన్ అనే కలం పేరుతో వేశాడు.

తండ్రి గ్రిమ్, తల్లి మాండీ మాత్రం ఆయన సృష్టించిన వాళ్లు కారు. మాక్స్‌వెల్ అటమ్స్ అనే అమెరికన్ తయారుచేసిన ‘గ్రిమ్ అడ్వెంచర్స్ ఆఫ్ బిల్లీ అండ్ మాండీ’ అనే కార్టూన్ సీరియల్లో వాళ్లు పుట్టారు. 2001లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై 2007 దాకా నడిచింది. నల్ల ముసుగు, ఎముకల చేతులు, పొడుగు పిడి కొడవలి. పడమటి దేశాల వాళ్లు చావును ఊహించుకునే రూపం అది. ఆ చావు ఒకరోజు బిల్లీ అనే పిల్లాడి ముసలి చిట్టెలుక ప్రాణం తీయడానికొస్తాడు. బిల్లీ, మాండీ అతనితో పందెం కడతారు. పందెంలో ఓడి ఎప్పటికీ వాళ్ల ‘స్నేహితుడు’గా ఉండిపోతాడు. స్నేహితుడనేది పేరుకే. చేసేది నౌకరీ.

ఈ కార్టూన్ అభిమాని ఒకడు ఆ పాత్రల్ని తీసుకుని, పిల్లల్ని పుట్టించి, కథని ముందుకు తీసుకుపోయాడు. అభిమానుల కథలంటే ఇట్లాగే ఉంటాయి.

అస్తిత్వాల గురించి రాసే చోట దయ్యాల బొమ్మల గొడవేమిటి, అదీ ఇంకొకరి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన బొమ్మల గొడవ, అని మీరు అనొచ్చు. ‘ఎత్తుకొచ్చిన’ అనే మాట దగ్గరే మేం ఆగిపోతాం. ‘తెలుగు మీకింత బాగా ఎట్లా వచ్చింది’ అని అడిగించుకుంటూ పెరిగిన వాళ్లం. పుట్టిన ఇంట్లోనే అద్దెకున్న వాళ్లలాగా దానికి జవాబులు చెప్పుకున్న వాళ్లం. ఏది సొంతం, ఏది అరువు అనే పంచాయితీ ఎక్కడ జరుగుతున్నా అక్కడ కాసేపు కూర్చోకుండా పోలేం.

ఈ కథలో పేజీపేజీకీ వేరే కథల జాడలున్నాయి. తెలిసినవాడికి కనపడతాయి, తెలియనివాడు పక్కనుంచి దాటిపోతాడు. ఇంగ్లీషు విమర్శకులు దీన్ని హోమేజ్ అంటారు. మనవాళ్లు నివాళి అంటున్నారు గాని ఆ మాట పోయినవాళ్ల ఫొటోకు వేసే దండ దగ్గరే ఆగిపోయింది. మాకు సలాం అనే మాటే నచ్చింది. బజార్లో పెద్దమనిషి ఎదురుపడితే చెయ్యి నుదుటికి తాకించి ముందుకు నడిచిపోతాం. చేసినవాడికీ అందుకున్నవాడికీ తప్ప పక్కవాడికి అది కనపడకపోవచ్చు. కథ ఆగదు, మర్యాదా తప్పదు.

బ్లీడ్‌మన్ చేసిన సలాంలు చాలా ఉన్నాయి. పైకి తేలికగా కనపడేది జాక్ స్కెల్లింగ్టన్. టిమ్ బర్టన్ ఊహించి, హెన్రీ సెలిక్ దర్శకత్వంలో 1993లో వచ్చిన ‘నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ అనే బొమ్మల సినిమా నాయకుడతను. సన్నటి పుల్లలాంటి శరీరం, గుండ్రటి పుర్రె. ఒక ఎముకలమనిషి కథలోకి ఇంకో ఎముకలమనిషి నడిచొచ్చాడు. తర్వాత మిమి. ఈ పిల్ల తండ్రి పేరు హిమ్. ‘పవర్‌పఫ్ గాళ్స్’ కార్టూన్‌లో పీత డెక్కల్లాంటి చేతులు, బూట్లు, మెత్తటి గొంతుతో భయపెట్టే ఎర్రటి సైతాను అతను. అంటే వేరే సీరియల్ సైతాను బిడ్డ వచ్చి ఈ సీరియల్ చావు బిడ్డలకు ఎదురుపడుతుంది. ఇదేమీ గాల్లోంచి ఊడిపడ్డ చుట్టరికం కాదు. అసలు మాండీ ఎన్నడూ నవ్వదు. ‘మై ఫెయిర్ మాండీ’ అనే ఎపిసోడ్‌లో నవ్వింది. దాంతో లోకం తలకిందులై బిల్లీ, మాండీ, గ్రిమ్ ముగ్గురూ పవర్‌పఫ్ గాళ్స్ అయి కూర్చున్నారు! అసలు కార్టూనే పక్కింటి గోడ దూకింది. అభిమాని ఆ గోడలో తలుపు పెట్టాడంతే.

ముఖాలేమో జపాన్ మాంగా పద్ధతి. పెద్ద పెద్ద కళ్లు, పదునైన గడ్డాలు. ఇదే చిత్రకారుడు పవర్‌పఫ్ గాళ్స్‌తో వేసిన ఇంకో కథకు ‘దౌజిన్షి’ అనే జపాన్ మాటనే పేరులో పెట్టుకున్నాడు. అభిమానులు సొంత ఖర్చుతో వేసుకునే పుస్తకాలను అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. మనీలా దేశం చెయ్యి, టోక్యో కళ్లు, అమెరికా పాత్రలు.

మాకు వీటన్నిటికంటే మిన్నీ మాట నచ్చింది. ఈ పిల్ల ఈనాటి ఇంగ్లీషు మాట్లాడదు. షేక్‌స్పియర్ నాటకాల్లో వినపడే పాతకాలపు ఇంగ్లీషు మాట్లాడుతుంది. మన దగ్గర చిన్నపిల్ల గ్రాంథికంలో అన్నం అడిగినట్టు. మొదట నవ్వొస్తుంది. తర్వాత ఆలోచన వస్తుంది. ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ మూడు వందల ఏళ్లకు పైగా ఏలింది. 1898లో అమెరికా చేతికొచ్చింది. 1946 దాకా అమెరికా ఏలుబడే. ఇంగ్లీషు అక్కడి బడుల్లోకి అట్లా వచ్చింది. ఆ దేశంలో పుట్టిన కళాకారుడు అమెరికా పాత్ర కడుపున పుట్టిన పిల్ల నోట్లో అమెరికా కంటే పాతదైన ఇంగ్లీషు పెట్టాడు! కావాలని ఎత్తిపొడిచాడని మేం అనడం లేదు. కానీ నేర్చుకున్నవాడు నేర్పినవాడి భాషతో ఇట్లా ఆడుకోవడం చూస్తే మాకు ముచ్చటేస్తుంది.

అభిమానులు ఇట్లాంటి జాడల్ని వెతికి పట్టుకుని జాబితాలు రాస్తారు. ఇది ఫలానా సినిమాలోది, ఇది ఫలానా ఆటలోది అని. మంచి పనే. దాన్ని మేం తీసిపారేయం. కానీ జాబితా ఎక్కడ ఆగిపోతోంది? టీవీ దగ్గర. డీవీడీ దగ్గర. ఆ పాత్ర మీద కాపీరైటు ఉన్న కంపెనీ పేరు దగ్గర. బ్లీడ్‌మన్ అటమ్స్‌కు సలాం చేశాడు, బర్టన్‌కు చేశాడు అని రాసుకుని సంతోషపడతారు. అటమ్స్ ఎవరికి బాకీ? బర్టన్ ఎవరికి బాకీ? అక్కడిదాకా ఎవరూ పోరు.

మేం పోదామనుకున్నాం.

చావు దేవుడు పందెంలో ఓడాడని చెప్పాం గదా. ఆ పందెం లింబో. అడ్డంగా ఒక కర్ర పట్టుకుంటే దాన్ని తాకకుండా వెనక్కి వంగి కిందినుంచి దాటిపోయే ఆట. టూరిస్టు హోటళ్లలో, పుట్టినరోజు పార్టీల్లో ఆడతారు. కార్టూన్‌లో చూసే పిల్లలకు అది పార్టీ ఆట మాత్రమే. ఎముకలమనిషి నడుం వంచడం తమాషాగా ఉంటుంది.

లింబో పుట్టింది కరీబియన్ దీవుల్లోని త్రినిదాద్‌లో. ఆడింది పార్టీల్లో కాదు. చనిపోయినవాళ్ల ఇంట, రాత్రి జాగారాల్లో. అక్కడి సంప్రదాయంలో కర్ర మొదట బాగా కింద ఉండేదని, ఆట సాగేకొద్దీ పైకి లేపేవాళ్లని చెప్తారు. చావులోంచి బతుకులోకి లేవడం అన్నమాట. హోటళ్ల కోసం, సినిమాల కోసం ఆ వరస తిరగబడింది. ఇప్పుడు కర్ర పైనుంచి కిందికి దిగుతుంది. గయానా రచయిత విల్సన్ హారిస్ 1970లో రాసిన వ్యాసాల్లో లింబోను బానిస ఓడలతో కలిపి చూశాడు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని కుక్కి తెచ్చిన ఓడల అడుగున ఒళ్లు వంచుకుని బతికిన జ్ఞాపకం ఆ వంపులో ఉందన్నాడు.

ఇప్పుడు మళ్లీ కార్టూన్ చూడండి. చావు దేవుడు లింబోలో ఓడిపోయి ఇద్దరు తెల్ల పిల్లలకు ఎప్పటికీ నౌకరు అవుతాడు. అతని యాస జమైకా యాస! ఆ గొంతు ఇచ్చింది గ్రెగ్ ఈగల్స్ అనే నల్లజాతి నటుడు. త్రినిదాద్ ఆట, జమైకా యాస కలిపేశారు. రెండు దీవులకూ మధ్య వందల మైళ్ల సముద్రముంది. చూసేవాడికి అవన్నీ ఒకటే. సాయిబులందరూ ఒకటే అయినట్టు.

కార్టూన్ తీసినవాళ్లు కుట్ర చేశారని మేం అనం. అట్లా అనుకుంటే పని సులువైపోయేది. వాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండదు, తెలియాల్సిన అవసరం కూడా పడలేదు. ఆ అవసరం పడకపోవడమే ఆధిపత్యం. తన చేతికొచ్చిన ఆట ఎవరి శవం పక్కన ఆడినదో అడగకుండానే నవ్వించగలగడం. చావు జాగారపు ఆటలో చావు దేవుడే ఓడడం ఎంత గొప్ప ఊహ! త్రినిదాద్ మనిషి దాన్ని రాసి ఉంటే అది మహాకావ్యమయ్యేది. ఇక్కడ తెలియకుండా దొర్లిపోయింది.

జాక్ స్కెల్లింగ్టన్ సినిమాకొద్దాం. అందులో ఊగీ బూగీ అనే బూచాడున్నాడు. గోనెసంచి మనిషి. జూదమాడతాడు, పాడతాడు, గదంతా దద్దరిల్లేట్టు నవ్వుతాడు. గొంతు కెన్ పేజ్‌ది. బ్రాడ్‌వే నాటకాల్లో పేరున్న నల్లజాతి గాయకుడాయన. సినిమాకు సంగీతం డానీ ఎల్ఫ్‌మన్. ఆ పాట తీరు ఎవరిది? క్యాబ్ క్యాలొవేది.

క్యాలొవే 1930లలో న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్బులో పాడినవాడు. ఆ క్లబ్బులో స్టేజీ మీద నల్లవాళ్లు, కుర్చీల్లో తెల్లవాళ్లు. స్టేజీ ఎక్కొచ్చు గాని కుర్చీలో కూర్చోవడానికి వీల్లేదు. అప్పట్లో బెట్టీ బూప్ కార్టూన్లు తీసే ఫ్లైషర్ సోదరుల దగ్గర రోటోస్కోప్ అనే యంత్రం ఉండేది. మనిషిని ఫిల్ము తీసి, ఒక్కో ఫ్రేమునూ గాజు పలక మీద వేసి, పైన కాగితం పెట్టి కదలికను గీసుకుంటారు. క్యాలొవే నాట్యాన్ని అట్లా గీసుకున్నారు. 1932లో ‘మిన్నీ ద మూచర్’ కార్టూన్‌లో ఆయన అడుగులు గుహలో ఆడే వాల్రస్ జంతువు దయ్యానివయ్యాయి. 1933లో ‘స్నో వైట్’లో కోకో అనే జోకరు దయ్యంగా మారి ఆయన గొంతుతో పాడాడు. అదే ఏడు ‘ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ద మౌంటెన్’లో కొండముసలాడూ ఆయనే. అడుగు ఆయనది, గొంతు ఆయనది, ఒళ్లు మాత్రం దయ్యానిది.

ఊగీ బూగీ ఆ కార్టూన్ల వారసుడే. ఎల్ఫ్‌మన్ 1980లో వచ్చిన ‘ఫర్‌బిడెన్ జోన్’ సినిమాలో సైతాను వేషం కట్టి క్యాలొవే పాటను మార్చి పాడాడు కూడా. అంటే ఆయన సలాం చేశాడు. దాచుకోలేదు. కానీ సినిమా చివర ఊగీ బూగీ గోనెసంచి దారం లాగితే కుట్లు ఊడిపోతాయి. లోపల ఏముంది? పురుగులు. గొంతు ఉంది, నాట్యం ఉంది, లోపల మనిషే లేడు. అరవై ఏళ్లు తిరిగినా గోనెసంచిలో మనిషిని పెట్టాలనిపించలేదు.

బూచాడికి ఎవరో ఒకరి పోలిక ఇవ్వాలి గదా. మా చిన్నప్పుడు అన్నం తినని పిల్లలకు వీధిలో సాంబ్రాణి పొగ వేసుకుంటూ పోయే ఫకీరును చూపించి ‘అదిగో, పట్టుకుపోతాడు’ అనడం మేం విన్నాం. ఆ ఫకీరు మాకు వరసకు మామో తాతో అయ్యేవాడు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. గ్రిమ్ కూతుర్ని మిన్నీ అంటారు, క్యాలొవే పాట పేరులోనూ మిన్నీ ఉంది. చూశారా దాచిన సలాం, అని ఎగిరి గంతేయొచ్చు. మేం వెయ్యం. ‘చిన్న మాండీ’ అనే అర్థంలో మినీమాండీ, దాన్ని ఇంకా చిన్నది చేస్తే మిన్నీ, అంతే. లేని సలాంను ఉందనడం కూడా అబద్ధమే. ఈ కథలో క్యాలొవేకు అందిన సలాం లేదు. జాక్ స్కెల్లింగ్టన్‌కు అందింది. జాక్ వెనక ఊగీ బూగీ, అతని వెనక క్యాలొవే నిలబడి ఉన్నారు. చెయ్యి అక్కడిదాకా లేవలేదు.

ఇంకో వరసలో నిలబడ్డవాళ్లున్నారు. వీళ్లు బ్లీడ్‌మన్ సొంత ఊరివాళ్లు. 1970లలో అమెరికా డీసీ కంపెనీ దయ్యాల కామిక్స్ ఎక్కువగా వేసింది. ‘హౌస్ ఆఫ్ మిస్టరీ’, ‘హౌస్ ఆఫ్ సీక్రెట్స్’ లాంటివి. వాటిలో ఎన్నో బొమ్మలు వేసింది ఫిలిప్పీన్స్ చిత్రకారులు. టోనీ డిజునిగా ముందు వెళ్లాడు. వెనక నెస్టర్ రెడొండో, ఆల్‌ఫ్రెడో అల్కాలా, అలెక్స్ నిన్యో. అమెరికా వాళ్లకిచ్చే దానికంటే తక్కువ రేటుకు వేశారు. సన్నటి గీతలతో నీడలు పేనడంలో వాళ్లకు వాళ్లే సాటి. కుళ్లిన చెట్టు, పాడుబడ్డ మేడ, గోరు పెరిగిన చెయ్యి... అమెరికా పిల్లలు రాత్రిపూట దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదివి భయపడ్డ బొమ్మల్లో చాలా భాగం మనీలా చేతులు వేసినవే. అల్కాలా 1963లోనే తన దేశంలో ‘వోల్టార్’ అనే సొంత వీరుణ్ణి సృష్టించుకున్నాడు. 1982లో హీ-మ్యాన్ బొమ్మలు మార్కెట్లోకొచ్చినప్పుడు డబ్బాలో పెట్టిన మొదటి చిన్న పుస్తకాలకు బొమ్మలు వేసిందీ ఆయనే. పుర్రె ముఖంతో ఉండే గ్రేస్కల్ కోట కథ పిల్లలకు మొదట ఆ పుస్తకాల్లోనే కనపడింది. ఎంతమందికి ఆయన పేరు తెలుసు? డబ్బా మీద కంపెనీ పేరు పెద్దగా ఉంది.

కాబట్టి ఫిలిప్పీన్స్ కుర్రవాడు పుర్రెలు, పాతాళాలు వేస్తే అమెరికా సొత్తు ఎత్తుకొచ్చాడనేవాళ్లకు మా జవాబు ఇది: అమెరికా భయాల్లో కొంత భాగం ఆ కుర్రవాడి తాతలు గీసి పంపిందే. అరువు తెచ్చుకున్నాడంటారా, బాకీ వసూలు చేసుకున్నాడంటారా, మీ ఇష్టం.

అట్లాగని ఈ కథను నెత్తిన పెట్టుకోలేం. ఫిలిప్పీన్స్‌కు సొంత దయ్యాలు లేవా? నడుం దగ్గర తెగి, పై సగం రెక్కలతో ఎగిరే మనానంగల్ ఉంది. గుర్రపు తలతో తిక్‌బాలాంగ్ ఉన్నాడు. అస్వాంగ్ జాతి మొత్తం ఉంది. బ్లీడ్‌మన్ పాతాళంలో పెద్దపీటల మీద కూర్చున్నది వీళ్లెవరూ కారు. టీవీలో వచ్చినవాళ్లే. ఇదే మాకు లోటుగా కనపడింది. అన్ని లోకాల సైతానులకూ కుర్చీలు వేసినవాడు తన అమ్మమ్మ చెప్పిన దయ్యాన్ని ఎందుకు పిలవలేదు? పిలిస్తే చదివేవాళ్లు గుర్తుపట్టరనా? సలాం చేయాలంటే ఎదుటివాడు నలుగురికీ తెలిసినవాడై ఉండాలి. అభిమానుల కథకున్న ఇరుకు ఇదే. ఇప్పటికే పేరున్నవాడికే ఇంకో సలాం పడుతుంది.

2005లో అదే దేశం నుంచి బుడ్జెట్ టాన్ రాసి, కాజో బాల్దిసిమో బొమ్మలు వేసిన ‘ట్రెసె’ వచ్చింది. మొదట జిరాక్సు కాగితాల మీద. అందులో తిక్‌బాలాంగ్ మనీలా రోడ్ల మీద కార్ల పందేలాడతాడు. అస్వాంగ్‌లు బజార్లలో తిరుగుతారు. ఎవరికీ పరిచయాలు చేయరు, తెలియనివాళ్లు తెలుసుకోవాల్సిందే. 2021లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని సీరియల్‌గా తీసింది. ఆ ధైర్యం మాకు నచ్చింది.

కానీ గ్రిమ్ టేల్స్‌ను ఆ తక్కెడలో పెట్టి పడేయడం కూడా అన్యాయమే. అందులో ఒక పని జరిగింది. జాబితాలు రాసేవాళ్లు దాన్ని చూడలేదు. అసలు కార్టూన్‌లో గ్రిమ్ ఎవరు? ఓడిపోయిన నౌకరు. పిల్లల సోఫా వెనక నిలబడి తిట్లు తినేవాడు. ఇల్లు వాకిలి పిల్లలవి, సేవ అతనిది. ఈ అభిమాని అతనికి ఇల్లు ఇచ్చాడు. రాజ్యం ఇచ్చాడు. తండ్రీ అని పిలిచే పిల్లల్నిచ్చాడు. కార్టూన్ కంపెనీకి ఎన్నడూ తట్టని న్యాయమది. ఏ పెద్ద మాటలూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా చేశాడు. చావు తన కొడుకు కోసం భయపడడం అక్కడే సాధ్యమైంది.

అయితే బొమ్మల కథలో గొంతు వినపడదు. కార్టూన్ చూసినవాడు మాటల బుడగ చదివేటప్పుడు జమైకా యాసను తనే తలలో వింటాడు. చూడనివాడికి అక్కడ తెల్లటి ఎముకల రాజు మాత్రమే ఉంటాడు. నౌకరుగా ఉన్నన్నాళ్లూ యాస ఉంది, రాజయ్యాక అది వినపడదు. మేం ఆ పేజీలు చదివేటప్పుడు గ్రిమ్ మాటల్ని కాస్త పైకే చదువుకుంటాం, మాకు చేతనైన యాసలో. అది జమైకా యాసలా ఉండదని మాకు తెలుసు. ఇంట్లో పిల్లలు నవ్వుతారు.